న్యూరెంబర్గు బాలక్రీస్తు సంత

సంతకు వెళ్ళే మనుషులు రెండు జాతులు. కొనేవాళ్ళూ, చూసేవాళ్ళూను. నేను రెండో జాతివాణ్ణి. కోటప్పకొండ తిరునాళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళినా ప్రభలు చూసి, జనాన్ని చూసి, జీళ్ళ కొట్టు ముందు కాసేపు నిలబడి, జేబులో డబ్బు జేబులోనే భద్రంగా ఇంటికి తెచ్చిన ఘనత నాది. మా ఆవిడది మొదటి జాతి. ఈ రెండు జాతులూ జంటగా సంతకు బయలుదేరితే ఎట్లా ఉంటుందో సంసారులైన పాఠకులకు నేను వేరే చెప్పాలా?

2023 డిసెంబరు రెండో వారంలో మేమిద్దరం అట్లా ఒక సంతకు వెళ్ళాం. అది కోటప్పకొండకు బహుదూరం. జర్మనీలో న్యూరెంబర్గు. మా అమ్మాయీ అల్లుడూ పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో కాపురం ఉంటున్నారు. మనవరాలు అక్కడే పుట్టింది. దానికి ఎనిమిదేళ్ళు. ఇంట్లో తెలుగు, బళ్ళో జర్మను, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడుతుంది.

న్యూరెంబర్గు అనే పేరు మా ఈడువాళ్ళకు తెలిసింది ఒక్క కారణం చేత. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 1945, 46 సంవత్సరాలలో నాజీ నాయకులను బోనెక్కించి విచారించింది ఆ ఊళ్ళోనే. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వరసగా కూర్చున్న ముద్దాయిల ఫొటో ఎప్పుడో ఏదో పుస్తకంలో చూశాను. ఆ పేరు వింటే అదే కళ్ళముందు కట్టేది. అటువంటి ఊరు పాతబస్తీలోకి ట్రాము దిగి నాలుగడుగులు వేశామో లేదో, గుప్పున దాల్చినచెక్క వాసన, వేగిన బాదంపప్పు వాసన!

ఆ సంతకు వాళ్ళ భాషలో పేరు క్రిస్ట్‌కిండ్లెస్‌మార్క్ట్. నాకు నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది, మా ఆవిడ ఆ ప్రయత్నమే పెట్టుకోలేదు. బాలక్రీస్తు సంత అని అర్థం. క్రిస్‌మస్‌కు ముందు నాలుగు ఆదివారాలను వాళ్ళు అడ్వెంట్ అని పాటిస్తారు. వాటిలో మొదటి ఆదివారానికి ముందు శుక్రవారం సాయంత్రం సంత తెరుస్తారు. డిసెంబరు 24 మధ్యాహ్నం కట్టేస్తారు. ఊరి నడిబొడ్డున మేరీమాత గుడి ముందున్న పెద్ద చౌకులోనూ దాని చుట్టుపక్కలా సుమారు 180 కొయ్య కొట్లు. కప్పులకు ఎర్రచారల తెల్లగుడ్డ. పైన సన్నని దీపాలు, పచ్చని దేవదారు కొమ్మలు. ప్లాస్టిక్కు దండలు కట్టకూడదు, రికార్డు పాటలు వేయకూడదు అని నగరపాలకుల శాసనం. పాట కావాలంటే మనిషే పాడాలి. బాగా అలంకరించిన కొట్లకు బంగారు, వెండి, కంచు బహుమానాలు కూడా ఇస్తారు. మైకు లేని తిరునాళ్ళు ఎట్లా ఉంటాయని ఎవరైనా అడిగితే ఇంతకు ముందు చెప్పలేకపోయేవాణ్ణి. జనం కాళ్ళకింద రాళ్ళ చప్పుడు వినిపిస్తుంది. పక్కవాడు భార్యతో గుసగుసలాడితే వినిపిస్తుంది. (భాష రాదు గనక నా మర్యాదకు లోపం లేదు.)

ఈ సంత ఎంత పాతదని చెప్పడానికి సాక్ష్యం ఒక చిన్న కొయ్య పెట్టె. పూలబొమ్మలు వేసిన కోలపెట్టె, అడుగున సిరాతో రాత. ఈ సంతలో కొని 1628లో ఎవరో ఎవరికో కానుకగా పంపిన పెట్టె అది. ఆ ఊరి జాతీయ ప్రదర్శనశాలలో దాచి ఉంచారు. అంతకు ముందు అక్కడి పిల్లలకు కానుకలు ఇచ్చేది డిసెంబరు 6న, సెయింట్ నికొలస్ పండుగనాడు. 1525లో ఆ ఊరు లూథరు మతసంస్కరణలో చేరింది. మహాత్ముల పూజలు తగ్గాయి, కానుకలిచ్చే పని నికొలస్ చేతిలోనుంచి బాలక్రీస్తు చేతికి వచ్చింది, రోజూ మారింది.

ఇక తిండి సంగతి. మా ఆవిడ శాకాహారి. గుడ్డు కూడా తినదు. ప్రతి కొట్టు ముందూ ఆమె అడిగే ప్రశ్న ఒకటే: "దీంట్లో గుడ్డుందేమో కనుక్కోండి." అల్లుడు పాపం ప్రతిసారీ జర్మనులో అడగడం, కొట్టువాళ్ళు నవ్వుతూ జవాబు చెప్పడం. ఆ ఊరి ప్రసిద్ధ వంటకం సాసేజి. చూపుడువేలంత ఉంటుంది. ఏడు సెంటీమీటర్లకు తగ్గకూడదు, తొమ్మిదికి మించకూడదు, బరువు 20 నుంచి 25 గ్రాములు. ఇది కొట్టువాళ్ళ సరదా కొలత అనుకునేరు, 2003 నుంచి ఐరోపా సమాఖ్య చట్టం కింద ఆ పేరుకు రక్షణ ఉంది. మూడింటిని ఒక చిన్న రొట్టెలో ఇరికించి చేతికిస్తారు. అంత సన్నగా ఎందుకయ్యా అంటే, వెనకటి రోజుల్లో రాత్రి పొద్దుపోయాక తలుపులు వేసి, తాళపు కంతలోనుంచి అమ్మేవాళ్ళని ఒక కథ చెబుతారు. కథే అయినా కడుపు నింపే కథ. అందులో వేసే ఆకు ఏమిటని అల్లుణ్ణి అడిగాను. ఫోనులో చూసి, "మరువం, మామయ్యగారూ" అన్నాడు.

"మరువమా! దండలో కట్టే మరువమే?" అంది మా ఆవిడ. ఆకు మంచిదే, చేరిన చోటే బాగాలేదని ఆమె ముఖంలో కనిపించింది.

ఆమెకు దొరికినవి రెండు. కాల్చిన చెస్ట్‌నట్లు ఒకటి. పనసగింజలు కుంపట్లో కాల్చుకు తిన్నవాళ్ళకు ఆ రుచి కొత్త కాదు. పంచదార పాకంలో వేయించిన బాదంపప్పు రెండోది. పొట్లం కట్టి ఇస్తే వేడివేడిగా నోట్లో వేసుకుంటూ తిరగడమే. పెద్దవాళ్ళందరూ వేడి ద్రాక్షసారా కప్పులతో నిలబడి ఉన్నారు. లవంగాలూ దాల్చినచెక్కా వేసి కాచిన ఎర్ర సారా అది. పిల్లలకు సారా లేని పళ్ళరసం, అదే మసాలాతో. మేము పిల్లల జట్టులో చేరాం. కప్పుకు అదనంగా కొంత డబ్బు పట్టుకుంటారు, కప్పు తిరిగి ఇస్తే డబ్బు తిరిగి ఇస్తారు. కప్పు మీద బొమ్మ ఏటేటా మారుతుందని తెలియగానే మా ఆవిడ నాలుగు కప్పులూ తన సంచీలో వేసుకుంది. అమ్మినట్టే గదా, ఇంకెందుకు ఇవ్వాలి అని ఆమె వాదన. నిజానికి కొట్టువాడికీ అభ్యంతరం లేదు.

లెబ్‌కూహెన్ కొట్టు దగ్గర మాత్రం కథ అడ్డం తిరిగింది. లెబ్‌కూహెన్ అంటే అరచేయంత గుండ్రని తీపిబిళ్ళ. అడుగున అప్పడంలాంటి పల్చని పొర, పైన పప్పులూ తేనే సుగంధద్రవ్యాలూ కలిపిన ముద్ద. ఎలిజెన్ అనే మేలురకంలో బాదం, అక్రోటు, హేజెల్‌నట్టు వంటి పప్పులు పాతికవంతుకు తగ్గకూడదు, పిండి పదోవంతుకు మించకూడదు. కొట్టామె రుచి చూడమని ఒక ముక్క విరిచి ఇచ్చింది. గుడ్డుందని తెలిసి మా ఆవిడ తినలేదు గాని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అట్లా నిలబడిపోయింది.

"ఏలకులు... లవంగం... జాజికాయ... ధనియాలు కూడా వేశారండీ. ఇదంతా మన సామానే!"

ఆ మాటలో చాలావరకు నిజం ఉంది. ఉత్తర ఐరోపాలో ఏలకి మొక్క ఎక్కడ మొలుస్తుంది? మలబారు రేవులలో ఓడకెక్కిన మిరియాలూ ఏలకులూ అరబ్బు వర్తకుల చేతులమీదుగా ఈజిప్టు చేరి, అక్కడినుంచి వెనిస్ నగరానికి, అక్కడినుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటి గాడిదల మీదా బండ్ల మీదా న్యూరెంబర్గు చేరేవి. ఊరి చుట్టూ అడవిలో తేనె, ఊళ్ళోకి వచ్చే దారిలో మసాలా. ఇంకేం, తీపిబిళ్ళ పుట్టడానికి కావలసినవి రెండూ సమకూడాయి. అక్కడ డబ్బున్న వర్తకులను ఎగతాళికి మిరియాల బస్తాలు అనేవారట. 1505లో పోర్చుగీసువాళ్ళు ఇండియాకు పంపిన నౌకలలో పెట్టుబడి పెట్టిన వాళ్ళలో న్యూరెంబర్గు షావుకార్లు హిర్ష్‌వోగెల్, ఇంహోఫ్ కుటుంబాలు ఉన్నాయి. ఆ పోర్చుగీసు తుపాకుల వల్ల మన పడమటి తీరం పడ్డ పాట్లు అందరికీ తెలిసినవే, ఇక్కడ ఎందుకు లెండి. ఏమైనా న్యూరెంబర్గు మనకు ఎంత కొత్తో, మనం న్యూరెంబర్గుకు అంత కొత్త కాదు. మనుషులకన్న ముందు మన పోపులపెట్టె అక్కడికి చేరింది.

బొమ్మల కొట్లు ఒక వరస. ఎండు ఆల్బుఖరా పళ్ళను తీగకు గుచ్చి కాళ్ళూ చేతులూ చేసి, అక్రోటుకాయకు కళ్ళూ ముక్కూ దిద్ది తల పెట్టి, బట్టలు తొడిగి మనుషుల్ని చేస్తారు. పోలీసు, పంతులు, వంటవాడు, పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. ఇంట్లో ఒకటి ఉంటే సిరి వదలదని వాళ్ళ నమ్మకం. మన బొమ్మలకొలువులో శెట్టిగారి బొమ్మ పక్కన పెట్టడానికి మా ఆవిడ ఒక చాకలి దంపతులను కొన్నది. బేరం చెయ్యబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది. రేకుదేవత ఇంకో బొమ్మ. కాగితమంత పల్చటి ఇత్తడిరేకుతో మడతలు పెట్టిన గౌను, రెక్కలు, కిరీటం. చిన్నకూతురు పోయిన దుఃఖంలో ఒక బొమ్మల పనివాడు ఆ పిల్ల రూపం తలచుకుని మొదట దీన్ని చేశాడని చెప్పుకుంటారు. నేను ఆ కొట్టు ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

ఇంత తీపి తిన్న నోటితోనే ఆ చౌకు చరిత్ర కూడా చెప్పాలి. ఇప్పుడు సంత జరిగే స్థలం ఆరున్నర శతాబ్దాల క్రితం యూదుల పేట. 1349 డిసెంబరులో ఊరివాళ్ళు ఆ పేటమీద పడి 560 మందికి పైగా మనుషుల్ని చంపేశారు. వాళ్ళ ఇళ్ళు పడగొట్టి సంతచౌకు వేశారు. వాళ్ళ ప్రార్థనామందిరం ఉన్నచోట చక్రవర్తి నాలుగో చార్లెస్ మేరీమాత గుడి కట్టించాడు. ఆ గుడిమీద 1509 నాటి గడియారం ఒకటి ఉంది. రోజూ మధ్యాహ్నం 12 కొట్టగానే ఏడుగురు సామంతుల బొమ్మలు ఎర్రకోట్లతో బయటికి వచ్చి ఆ చక్రవర్తి బొమ్మ చుట్టూ తిరుగుతాయి. పిల్లలు చప్పట్లు కొడతారు. నేనూ మెడ నిక్కించి చూశాను. చూడముచ్చటగానే ఉంది.

ఆ గడియారం కింద బాల్కనీ. సంత తెరిచే సాయంత్రం చౌకులో దీపాలన్నీ ఆర్పేస్తారు. వేలమంది చీకట్లో తలలు పైకెత్తి ఎదురుచూస్తారు. తెల్లటి బంగారుజరీ దుస్తులతో, తలమీద కిరీటంతో ఒక పడుచుపిల్ల ఆ బాల్కనీమీద ప్రత్యక్షమై, పద్యరూపంలో స్వాగతం చెబుతుంది. ఆమే బాలక్రీస్తు. శిశువు, అందులోనూ మగశిశువు, పడుచుపిల్ల ఎట్లా అయిందని నన్నడగకండి. మన నాటకాలలో కృష్ణుడి వేషం ఎవరెవరు కట్టలేదు?

ఇది వందల ఏళ్ళ ఆచారమనే చూసినవాళ్ళందరూ అనుకుంటారు. కాదు. బాల్కనీమీద ఈ వేషం మొదలైంది 1933లో. మొదలుపెట్టింది నాజీలు. ఊళ్ళో అటూ ఇటూ తిరుగుతున్న సంతను చౌకులోకి తెచ్చి, అది తమ జాతి పవిత్ర సంప్రదాయమని చాటారు. ఆ ఏడు చౌకు పేరు కూడా మారింది. హిట్లరు పేరు పెట్టారు. రెండేళ్ళకు, 1935లో, యూదుల పౌరహక్కులు ఊడబెరికిన చట్టాలు ఆ ఊరిపేరుతోనే వచ్చాయి. తరవాత యుద్ధం వచ్చి సంత ఆగిపోయింది. 1945 జనవరి 2 రాత్రి బాంబులు పడి పాతబస్తీ దాదాపుగా నేలమట్టమైంది. ఇప్పుడు మనం చూసేది చాలావరకు మళ్ళీ కట్టిన ఊరు. 1948లో ఆ శిథిలాల మధ్య కొట్లు వేసి సంత తిరిగి తెరిచారు. స్వాగతం కొత్తగా రాయించారు. మొదట్లో ఆ వేషం నాటకశాల నటి కట్టేది. 1969 నుంచి ఊళ్ళో పిల్లల్లో ఒకరిని రెండేళ్ళకొకసారి ఎన్నుకుంటున్నారు.

2019లో ఎన్నికైన అమ్మాయి పేరు బెనిగ్న మున్సీ. న్యూరెంబర్గులోనే పుట్టింది, అప్పటికి పదిహేడేళ్ళు. తండ్రి పుట్టింది మన ఢిల్లీలో. ఆ పిల్ల ఫొటో పత్రికల్లో వచ్చిందో లేదో, ఒక రాజకీయ పక్షం స్థానిక శాఖవారు ఇంటర్నెట్టులో ఒక ఎత్తిపొడుపు రాశారు. ఒకనాటికి అమెరికాలో ఇండియన్లకు పట్టిన గతే మనకూ పడుతుందని దాని భావం. జర్మనులో మన దేశస్థులను ఇండర్ అంటారు, అమెరికా ఆదివాసులను ఇండియానర్ అంటారు. తెలివిగా అన్నామనుకున్నారు కాబోలు. దానికి దేశం నలుమూలలనుంచీ జనం ఆ పిల్ల పక్షాన మాట్లాడారు. రాసినవాళ్ళు రాసింది తీసేశారు. నవంబరు 29 సాయంత్రం దీపాలు ఆరాయి, ఆ పిల్ల ఎప్పటిలాగే బాల్కనీమీద నిలబడి స్వాగతం చెప్పింది. మరుసటి ఏడు కరోనా వల్ల సంతే జరగలేదు. ఆమెకు దక్కింది ఆ ఒక్క సంతే.

ఈ సంగతి నాకు చెప్పింది మా అమ్మాయి. ఆ సాయంత్రం నాలుగేళ్ళ మనవరాలిని భుజాలమీద ఎక్కించుకుని ఆ జనంలో ఆమె కూడా ఉంది. "చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి నాన్నా. ఆ అమ్మాయి నోరు విప్పేదాకా నాకు ఊపిరాడలేదు. ఎవరో నా చెల్లెలు పరీక్షకు కూర్చున్నట్టు" అంది.

బాలక్రీస్తు వారంలో కొన్ని మధ్యాహ్నాలు సంతలోకి దిగివచ్చి పిల్లలతో మాట్లాడుతుంది. మేము వెళ్ళిన రోజు ఆ సమయం కుదిరింది. పిల్లల వరస పెద్దదిగా ఉంది. మనవరాలు అందులో నిలబడింది, దాని వెనకాల నేను. దాని వంతు వచ్చింది. కిరీటం పిల్ల వంగి ఏదో అడిగింది, మనవరాలు ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వారు. సంతకం చేసిన ఫొటో ఒకటి పుచ్చుకుని వచ్చింది.

"ఏమని అడిగావే?"

"నేను కూడా అవచ్చా అని అడిగాను తాతయ్యా. పదహారేళ్ళు రావాలట. ఈ ఊరిపిల్లే అయి ఉండాలట. పైనుంచి కిందికి చూస్తే కళ్ళు తిరగకూడదట. ఒక మీటరూ అరవై సెంటీమీటర్ల పొడుగు ఉండాలట."

అల్లుడు ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక, పిల్ల బట్టలు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు, నెమ్మదిగా అన్నాడు: "వద్దని చెప్పడం మంచిదేమో మామయ్యగారూ. ఆ అమ్మాయికి తల్లి అయినా ఇక్కడిది. మనది రెండువైపులా అక్కడే. అప్పుడు అన్నమాటలు దీన్ని అంటే ఇది తట్టుకోగలదా? నేను తట్టుకోగలనా?"

అతను మాటకారి కాదు. అంత పొడుగు మాట నాతో అనడం అదే మొదటిసారి. పన్నెండేళ్ళలో రైలులోనో ఆఫీసులోనో ఎవరో ఏదో అని ఉంటారు. అతను చెప్పలేదు, నేను అడగలేదు.

మా అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "దాని ఊరు ఇది కాకపోతే మరేదండీ? గుంటూరు వెళితే అక్కడ దీన్ని జర్మనీ పిల్ల అంటారు. ఇక్కడా కాదనుకుంటే ఇది ఎక్కడ నిలబడాలి?" అంది. అల్లుడు జవాబు చెప్పలేదు. కాదనడానికి నాకూ ఏమీ కనిపించలేదు, అవుననడానికి ఆ ఊరి చలి తిన్నవాణ్ణి కాను. సంచీలోనుంచి కప్పులు తీసి కడుగుతున్న మా ఆవిడ మాత్రం వెనక్కు తిరగకుండానే, "ఇంకా ఎనిమిదేళ్ళుంది, ముందు దానికి అన్నం పెట్టండి" అంది.

ఇంతలో మనవరాలే వచ్చింది, చేతిలో పెన్సిలుతో. వంటింటి గుమ్మానికి వీపు ఆనించి, మడమలు గోడకు తగిలేట్టు నిటారుగా నిలబడి, "నాన్నా, గీత గియ్యి" అంది. అల్లుడు ఒక నిమిషం అట్లాగే చూసి, లేచి, పెన్సిలు తీసుకున్నాడు. తలమీద పుస్తకం పెట్టి గీత గీశాడు. టేపు తెచ్చి కొలిచాడు. ఒక మీటరూ ఇరవై ఏడు. గీత పక్కన తారీఖు వేశాడు.

"ఇంకా ముప్పైమూడు" అని లెక్క చెప్పి, పిల్ల బాదంపప్పు పొట్లం వెతుక్కుంటూ వెళ్ళింది.